గర్భనిరోధక మాత్రలు మొదలుపెట్టినప్పటి నుంచి ఇష్టం తగ్గిపోయింది: కారణం మాత్రలేనా?

ప్రశ్న: పెన్నాతీరం, ప్రొద్దుటూరు

నా వయసు 28 సంవత్సరాలు, ఉండేది ప్రొద్దుటూరులో. పెళ్ళయి ఐదేళ్ళు దాటింది, మూడేళ్ళ పాప ఉంది. రెండో కాన్పుకు ఇంకొంత ఎడం ఉండాలని ఇద్దరమూ అనుకొని, పాప చేత పాలు మాన్పించిన తరువాత, అంటే పద్నాలుగు నెలల కిందట, నేను రోజూ వేసుకునే మాత్రలు మొదలుపెట్టాను. మా వీధి ఆశా కార్యకర్త తెచ్చి ఇచ్చే మాలా-ఎన్ మాత్రలే వాడుతున్నాను. నెలసరి తేదీ తప్పకుండా వస్తోంది, పూర్వం ఉండే కడుపునొప్పి కూడా తగ్గింది, కాబట్టి ఆ విషయంలో నాకు ఏ ఫిర్యాదూ లేదు.

నేను అడగదలచింది మరొకటి. మాత్రలు మొదలుపెట్టిన మూడు నాలుగు నెలలకు కలయిక మీద నాకు ఇష్టం తగ్గడం మొదలై, ఇప్పుడు దాదాపు లేకుండా పోయింది. నా భర్త మీద ప్రేమ తగ్గలేదు. ఆయన బంగారు అంగడిలో పని ముగించుకొని రాత్రి తొమ్మిది దాటాక ఇంటికి వచ్చేవరకు నేను తినకుండా ఎదురు చూస్తాను, పాప ఆ రోజు చేసిన అల్లరి అంతా చెప్పుకొని నవ్వుకుంటాం, కానీ ఆయన దగ్గరకు వచ్చేసరికి నా శరీరం పలకదు. తడి ఉండదు, మంటగా ఉంటుంది, ఎప్పుడు ముగుస్తుందా అని చూస్తూ పడుకుంటాను. పెళ్ళయిన మొదటి రెండేళ్ళలో నాకూ సుఖం కలిగేది, నేనే ఆయనను పిలిచిన రోజులూ ఉన్నాయి, కనుక ఏది పోయిందో నాకు స్పష్టంగా తెలుసు.

కిందటి నెల ఆయన, "నా మీద విసుగు పుట్టిందా?" అని అడిగారు. కాదని చెప్పాను, కానీ మరి ఏమిటో చెప్పలేకపోయాను. ఒక క్లినిక్‌లో ఈ సంగతి ఎత్తితే, బిడ్డ పుట్టాక అందరికీ ఇంతేనని, ఇటువంటివి మనసులో పెట్టుకోకూడదని చెప్పి పంపించేశారు. మా అత్తగారితో గాని, మా అమ్మతో గాని ఇది మాట్లాడే విషయం కాదు.

దీనికి నిజంగా మాత్రలే కారణమా, లేక కాన్పు తరువాత వచ్చిన మార్పా? మానేస్తే పూర్వపు ఇష్టం తిరిగి వస్తుందా? మానేస్తే దాని బదులు ఏమి వాడాలి? తెలిసినవారు దయచేసి వివరంగా రాయగలరు.

జవాబు 1: చిత్రావతి, అనంతపురం

అక్కా, మీరు రాసింది చదువుతుంటే నా సంగతి నేనే చదువుకుంటున్నట్లు అనిపించింది. నాకు 23వ ఏట పీసీఓడీ, అంటే అండాశయాల్లో నీటిబుడగల సమస్య, అని చెప్పి ఈ గర్భనిరోధక మాత్రలే రాశారు. ఆ మాత్రలు వాడుతుండగానే పెళ్ళిచూపులు, నిశ్చితార్థం, పెళ్ళి అన్నీ జరిగిపోయాయి. పెళ్ళయిన ఏడాదిన్నర పాటు నాకు కోరిక అంటే ఏమిటో తెలియలేదు. పోల్చి చూసుకోవడానికి మీకు పూర్వపు రోజులున్నాయి, నాకు అవి కూడా లేవు, అందుచేత నా స్వభావమే ఇంత అని, నన్ను కట్టుకున్నందుకు ఆయనకు అన్యాయం జరిగిందని అనుకొని లోలోపల కుమిలిపోయాను. బిడ్డ కోసం మాత్రలు ఆపించారు. ఆపిన రెండు నెలలకు నాలో మార్పు నాకే తెలిసింది, ఆయనకూ తెలిసింది.

అయితే మరొక భయం పట్టుకుంది. మాత్రలు వాడుతున్న కాలంలో భర్తను ఎంచుకున్న స్త్రీకి, మాత్రలు మానేసిన తరువాత అతని మీద ఆకర్షణ పోతుందని విదేశీ పరిశోధకులు తేల్చారని ఒకచోట చదివాను. నాకు జరిగింది దానికి తలకిందులుగా ఉంది, అయినా ఆ మాట మనసులో ముల్లులా ఉండిపోయింది. ఎవరైనా డాక్టరుగారు చూస్తే దీని గురించి కూడా చెప్పగలరు.

నా సలహా మాత్రం ఒకటే. ఈ రోజే ఆ మాత్రలు మానేయండి.

జవాబు 2: స్త్రీ వైద్యురాలు, కర్నూలు

అమ్మా, బిడ్డ పుట్టాక అందరికీ ఇంతేనని మీకు చెప్పినవారు చెప్పవలసిన మాట అది కాదు. కర్నూలులో ఇరవై ఏళ్ళకు పైగా ఈ వృత్తిలో ఉన్నాను. ఈ ప్రశ్నను మీ అంత సూటిగా అడిగిన స్త్రీలు వేళ్ళ మీద లెక్కపెట్టేంత మందే, కానీ అడగలేక తలుపు దాకా వెళ్ళి మళ్ళీ వెనక్కి వచ్చి నిలబడినవారు చాలామంది ఉన్నారు.

మొదట, ఈ రోజే మానేయమన్న సలహాను ఒప్పుకోలేను. షీటు మధ్యలో మాత్రలు ఆపితే నెలసరి లెక్క తప్పుతుంది, అంతకంటే ముఖ్యంగా గర్భం వచ్చే అవకాశం వెంటనే మొదలవుతుంది. మాత్రల ప్రభావం ఇంకొన్ని నెలలు కాపాడుతుందని మన దగ్గర చాలామంది నమ్ముతారు, అది నిజం కాదు. చేతిలో ఉన్న షీటు పూర్తి చేసి, మరో పద్ధతి సిద్ధంగా పెట్టుకొని, అప్పుడు ఆపాలి. పీసీఓడీకి మాత్రలు వాడుతున్నవారైతే అది చికిత్సలో భాగం కనుక రాసిన డాక్టరును అడగకుండా మానకూడదు.

ఇక మాత్ర ఏమి చేస్తుందో చెబుతాను. మెదడు అడుగున ఉండే పిట్యూటరీ గ్రంథి నుంచి అండాశయాలకు వెళ్ళే ఆదేశాలను మాత్రలోని హార్మోన్లు ఆపివేస్తాయి. దానివల్ల అండం విడుదల కాదు, దానితోపాటే అండాశయాలలో తయారయ్యే టెస్టోస్టిరాన్ కూడా తగ్గుతుంది. ఇది మగవారి హార్మోన్ అని పేరు పడింది గాని, కొద్ది మోతాదులో స్త్రీ శరీరంలోనూ ఉండి కోరికకు తోడ్పడుతుంది. రెండో సంగతి, మాత్రలోని ఈస్ట్రోజెన్ కాలేయం చేత ఎస్‌హెచ్‌బీజీ అనే ప్రోటీనును ఎక్కువగా తయారు చేయిస్తుంది. ఈ ప్రోటీను రక్తంలో మిగిలి ఉన్న టెస్టోస్టిరాన్‌ను కూడా పట్టి ఉంచుతుంది, శరీరం వాడుకోవడానికి దొరికేది బాగా తగ్గిపోతుంది.

ఇంతవరకు చదివితే మాత్ర వేసుకున్న ప్రతి స్త్రీకీ కోరిక చచ్చిపోవాలి, కానీ అలా జరగడం లేదు. వేల మంది స్త్రీల మీద వచ్చిన అధ్యయనాలన్నింటినీ కలిపి 2013లో ప్రచురించిన ఒక సమీక్షలో, మాత్రలు వాడినవారిలో ఎక్కువమందికి ఏ మార్పూ లేదు, సుమారు 22 శాతం మందికి కోరిక పెరిగింది, సుమారు 15 శాతం మందికి తగ్గింది. పెరగడానికి కారణం ఊహించడం కష్టం కాదు, నెల తప్పుతుందేమోనన్న భయం తొలగిపోతే మనసు స్థిమితపడుతుంది. ఆ పదిహేను శాతంలో మీరు ఉండవచ్చు, వారి బాధను సగటు లెక్క చూపించి కొట్టివేయడం వైద్యం అనిపించుకోదు.

మీకు నేరుగా సంబంధించిన అధ్యయనం మరొకటి ఉంది. స్వీడన్‌లోని కరోలిన్‌స్కా సంస్థ పరిశోధకులు 340 మంది ఆరోగ్యవంతులైన యువతులను తీసుకొని, కొందరికి అసలైన గర్భనిరోధక మాత్రలు, మిగిలినవారికి మందు లేని ఉత్త మాత్రలు, ఎవరికి ఏది అందిందో తెలియకుండా మూడు నెలలు ఇచ్చి, ఫలితాలను 2016లో ప్రచురించారు. మొత్తం మీద లైంగిక జీవితంలో చెప్పుకోదగ్గ తేడా కనబడలేదు, కానీ విడివిడిగా చూసినప్పుడు కోరిక, ఉద్రేకం, సుఖానుభూతి అన్న మూడూ అసలు మాత్రలు వాడినవారిలో తగ్గాయి, భావప్రాప్తిలో మాత్రం తేడా రాలేదు. వారికి ఇచ్చిన మాత్రలో 0.15 మిల్లీగ్రాముల లెవోనార్జెస్ట్రెల్, 0.03 మిల్లీగ్రాముల ఇథినైల్ ఈస్ట్రడియోల్ ఉన్నాయి. మీ మాలా-ఎన్ షీటులోని 21 హార్మోన్ మాత్రలలో ఉన్నవి కూడా ఇవే మందులు, ఇదే మోతాదు. తక్కిన ఏడు మాత్రలు ఇనుము. కాబట్టి మీ అనుమానానికి ఆధారం ఉంది.

అయినా మాత్రలనే దోషిగా నిలబెట్టే ముందు కొన్ని చూసుకోవాలి. మీరు ఎప్పుడూ నీరసంగా ఉంటున్నారా? మన జిల్లాల్లో స్త్రీలకు రక్తహీనత చాలా ఎక్కువ, ఒంట్లో రక్తం లేనప్పుడు కోరిక ఎక్కడి నుంచి వస్తుంది? థైరాయిడ్ తగ్గినా ఇలాగే ఉంటుంది. దిగులుకు వాడే కొన్ని మందులు కోరికను గట్టిగా దెబ్బతీస్తాయి. పాలిచ్చే కాలంలో ఈస్ట్రోజెన్ తగ్గి పొడిబారడం సహజం, కానీ మీరు పాలు మాన్పించి ఏడాది దాటింది కనుక అది కారణం కాదు. నిద్ర ఎంత దొరుకుతోంది, పాప ఎక్కడ పడుకుంటుంది, పక్క గదిలో పెద్దవారు మేలుకొని ఉంటారన్న బెరుకు ఉందా అన్నవి కూడా నేను అడిగే ప్రశ్నలే. మీరు చెప్పినదానిలో ఒకటి నాకు ముఖ్యంగా తోచింది. పొడిగా ఉండి మంట పుట్టే కలయిక నాలుగుసార్లు జరిగితే, ఐదోసారికి శరీరం ముందే వెనక్కి తగ్గుతుంది. కనుక కారణం తేలేలోపు నొప్పిని ఓర్చుకొని కలవవద్దు. మందుల అంగడిలో నీటితో తయారైన లూబ్రికెంట్ జెల్ దొరుకుతుంది, అది వాడండి. నిరోధ్ వాడే రోజుల్లో కొబ్బరినూనె మాత్రం వద్దు, నూనె తగిలితే ఆ రబ్బరు చిరుగుతుంది.

తేల్చుకునే దారి ఇది. టీఎస్‌హెచ్, హిమోగ్లోబిన్ పరీక్షలు చేయించుకోండి, మొదటిది థైరాయిడ్‌కు, రెండోది రక్తహీనతకు. ఈ షీటు పూర్తయ్యాక మూడు నెలలు నిరోధ్ వాడుతూ, ఏ వారం ఎలా ఉందో ఒక చిన్న పుస్తకంలో రాసుకోండి. ఇష్టం తిరిగి వస్తే కారణం తెలిసినట్లే, రాకపోతే వేరేచోట వెతకాలి.

తరువాతి పద్ధతి మాటకు వస్తే, హార్మోన్ ఏమాత్రం లేనిది, గర్భాశయంలో అమర్చే కాపర్-టీ. ప్రభుత్వ ఆసుపత్రులలో 380-ఎ రకం పదేళ్ళకు, 375 రకం ఐదేళ్ళకు వేస్తారు, బిడ్డ కావాలనుకున్న రోజున తీయించుకోవచ్చు. మొదటి నెలల్లో రక్తస్రావం, నొప్పి ఎక్కువగా ఉండవచ్చు కనుక రక్తహీనత ఉంటే ముందు దానిని సరిచేసుకోవాలి. లక్నోలోని కేంద్ర ఔషధ పరిశోధన సంస్థలో తయారై, ప్రభుత్వం ఛాయా పేరుతో ఇస్తున్న మాత్ర స్టిరాయిడ్ హార్మోన్ కాదు, దానిని మొదటి మూడు నెలలు వారానికి రెండుసార్లు, ఆ తరువాత వారానికి ఒకసారి వేసుకోవాలి. కొందరికి నెలసరి ఆలస్యమవుతుంది. పీసీఓడీ ఉన్నవారికి ఇది సరిపడదు. మూడు నెలలకొకసారి చేసే అంతర ఇంజెక్షన్ మంచిదే గాని, మీకు నేను చెప్పను. అదీ హార్మోనే, కొందరికి కోరిక తగ్గిస్తుంది, ఒకసారి వేశాక వెనక్కి తీయలేము, మానిన తరువాత గర్భం రావడానికి కూడా కొన్ని నెలలు పడుతుంది.

చిత్రావతిగారి భయానికి జవాబు. 2012లో వచ్చిన ఆ అధ్యయనంలో 2,500 మందికి పైగా తల్లులను ప్రశ్నించారు. మాత్రలు వాడుతూ భర్తను ఎంచుకున్నవారిలో లైంగిక తృప్తి, ఆకర్షణ కొంత తక్కువగా కనబడ్డాయి, కానీ అదే స్త్రీలు సంసారాన్ని చూసుకునే విషయంలో భర్తల మీద ఎక్కువ తృప్తితో ఉన్నారు, వారి బంధాలు ఎక్కువ కాలం నిలిచాయి. ఈ రెండో సగాన్ని ఎవరూ చెప్పరు. ఇద్దరూ కలిసిన నాటికీ నేటికీ మాత్రల వాడకంలో మార్పు లేకపోతే తృప్తి ఎక్కువ అన్న వాదనను 2018లో ఫిన్లాండ్ స్త్రీల మీద పరీక్షిస్తే దానికి ఆధారం దొరకలేదు. పైగా, తమంతట తాము తోడు వెతుక్కున్న స్త్రీల గురించిన ఊహ అది. నలుగురు పెద్దలు కూర్చొని కుదిర్చిన సంబంధానికి దానిని ఎలా అన్వయిస్తాం? ఆ ముల్లు తీసిపారేయండి.

జవాబు 3: ఏఎన్ఎం, ఆదోని

డాక్టరుగారు చెప్పినదానికి, గ్రామాల్లో తిరిగే మనిషిగా నేను చూసింది కలుపుతున్నాను. మా దగ్గరకు వచ్చే స్త్రీలు కోరిక తగ్గింది అని ఎన్నడూ అనరు. "ఈ మాత్రలు నాకు వేడి చేస్తున్నాయి" అంటారు, లేకపోతే "మనసు పోవడం లేదు" అంటారు. ఉద్యోగంలో చేరిన కొత్తలో నేను వేడి అన్న మాటకు మజ్జిగ తాగమని చెప్పి పంపేదాన్ని. ఒక చేనేత కుటుంబంలోని కోడలు మూడుసార్లు అదే మాట చెప్పి, నాలుగోసారి షీటు తిరిగి నా చేతిలో పెట్టి వెళ్ళిపోయింది. మరో పద్ధతి గురించి నేను చెప్పకముందే ఆమెకు నెల తప్పింది. ఆమె చెప్పిన వేడి ఏమిటో అప్పుడు కూర్చోబెట్టి అడిగి ఉంటే, ఆమెకు ఛాయా గాని కాపర్-టీ గాని ఇప్పించి ఉండేదాన్ని. ఈ తప్పు నాదే. అందుకే ఇప్పుడు ఎవరైనా వేడి అంటే, తలుపు వేసి, ఇంట్లో వాళ్ళను బయటకు పంపి, ఇద్దరికీ మధ్య ఎలా ఉందని అడుగుతున్నాను.

2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం మన రాష్ట్రంలో వివాహిత స్త్రీలలో దాదాపు 70 శాతం మంది పిల్లలు పుట్టకుండా ఆపరేషన్ చేయించుకున్నవారే, మగవారి ఆపరేషన్ ఒక్క శాతం కూడా లేదు. ఇద్దరు పిల్లలు పుట్టగానే ఆపరేషన్ అన్నది మన ఇళ్ళలో ముందే తీర్మానమై ఉంటుంది. కాన్పుకూ కాన్పుకూ మధ్య ఎడం కోసం వాడే పద్ధతులు ఎన్ని ఉన్నాయో, ఏది ఏ శరీరానికి పడుతుందో మాట్లాడుకునే అలవాటు అందువల్లనే మనకు పెరగలేదు. మాలా-ఎన్, ఛాయా, అంతర, నిరోధ్, కాపర్-టీ అన్నీ ప్రభుత్వం ఉచితంగా ఇచ్చేవే. అమ్మా, మీ ఆశా కార్యకర్త మీకు ఒకటే తెచ్చి ఇచ్చిందంటే అది ఒకటే ఉందని అర్థం కాదు. మార్చుకోవడం మీ హక్కు, దానికి కారణం చెప్పవలసిన పని కూడా లేదు.

జవాబు 4: ఒక భర్త, కడప

మగవాడు ఇక్కడ మాట్లాడవచ్చునో లేదో అని రెండు రోజులు ఆలోచించి రాస్తున్నాను. చెల్లెమ్మా, "నా మీద విసుగు పుట్టిందా" అని మీ భర్త అడిగారని రాశారు. నేను అది కూడా అడగలేదు. నా భార్య ఆరేళ్ళు మాత్రలు వాడింది, అందులో సగం కాలం ఆమెకు నేను నచ్చడం లేదని నాలో నేనే తీర్మానించుకొని, పని పేరు చెప్పి ఆలస్యంగా ఇంటికి వెళ్ళేవాణ్ణి. మాత్రల సంగతి ఆమె చెప్పిన రోజున నాకు కలిగిన బాధ కంటే, ఇన్నాళ్ళూ నేను అడగలేదన్న సిగ్గే ఎక్కువ.

మాకు ఇద్దరు పిల్లలు, ఇక చాలనుకున్నాం. ఆమెకు ఆపరేషన్ అని అందరూ అన్నారు, నేనే చేయించుకున్నాను. కోత, కుట్లు లేని చిన్న ఆపరేషన్ అది, ఆ రోజే ఇంటికి వచ్చాను. మూడు నెలలు నిరోధ్ వాడి, వీర్య పరీక్ష చేయించుకున్న తరువాతే నిశ్చింతగా ఉండాలి, ఇది చాలామందికి చెప్పరు. మగతనం పోతుందన్నది అబద్ధం. బీజాలు వెళ్ళే గొట్టాన్ని మాత్రమే మూసివేస్తారు, హార్మోన్ రక్తంలో కలుస్తుంది కనుక దానికేమీ కాదు. మీకు ఇంకా బిడ్డ కావాలి కాబట్టి ఈ దారి ఇప్పుడు మీది కాదు. కానీ మూడు నెలల నిరోధ్ అన్నది మీ భర్త చేయగలిగిన పని, ఆయనకు ఈ పేజీ చూపించండి.

పెన్నాతీరం, ప్రొద్దుటూరు

అందరికీ నమస్కారాలు. పన్నెండు రోజుల తరువాత రాస్తున్నాను. ఆయనకు ఈ పేజీ చూపించడానికి ధైర్యం చాలక, మొదట డాక్టరుగారి జవాబును చదివి వినిపించాను. మధ్యలో ఆపి, మంట పుడుతోందని ముందే ఎందుకు చెప్పలేదని అడిగారు. చెబితే మీరు దూరంగా ఉంటారని భయపడ్డానని చెప్పాను. ఆ రాత్రి చాలాసేపు మాట్లాడుకున్నాం, ఇన్నాళ్ళలో ఇంతసేపు ఈ విషయం మాట్లాడుకోలేదు. తరువాత మిగిలినవన్నీ ఆయనే ఫోనులో చదువుకున్నారు.

పరీక్షలు చేయించుకున్నాను. థైరాయిడ్ సరిగానే ఉంది, హిమోగ్లోబిన్ 9.6 వచ్చింది. ప్రభుత్వ ఆసుపత్రిలో ఈసారి ఒక డాక్టరమ్మ ఓపికగా విన్నారు. ఇనుము మాత్రలు రాసి, రక్తం పదకొండుకు చేరాక కాపర్-టీ మాట చూద్దామని, అంతవరకు నిరోధ్ వాడమని చెప్పారు. అంటే నా ఇష్టం తగ్గడంలో మాత్రల వాటా ఎంతో, రక్తహీనత వాటా ఎంతో ఇప్పుడే చెప్పలేను, రెండూ ఉండవచ్చునని ఆమె అన్నారు. జెల్ తెచ్చుకున్నాం, మంట అయితే లేదు.

ఈ నెల 27తో నా షీటు పూర్తవుతుంది. పాప పాత పలక పుస్తకంలో ఖాళీ కాగితాలున్నాయి, వారం వారం రాసుకోవడానికి గీతలు గీసి పెట్టుకున్నాను. మూడు నెలల తరువాత ఏమి తేలిందో ఇక్కడే రాస్తాను.